ఫ్యామిలీతో ఫారిన్ వెళ్తున్నారా? ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ ఇలా చూసి తీసుకోండి

టికెట్లు ముందే బుక్ చేసేస్తాం, హోటళ్ల రివ్యూలు గంటలు గంటలు చదువుతాం, ఇన్సూరెన్స్ మాత్రం చివర్లో వీసాకి కావాలన్నారని ఏదో ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టేస్తాం. చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే. సైట్ ఓపెన్ చేస్తే నాలుగైదు ప్లాన్లు పక్కపక్కన కనిపిస్తాయి, అన్నిట్లోనూ పెద్ద పెద్ద నంబర్లే ఉంటాయి, ఇక ఏది చవకైతే దాని మీద నొక్కేస్తాం.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. ప్రీమియం దగ్గర మొదలుపెట్టొద్దు, మీతో వస్తున్నవాళ్లలో ఆరోగ్యం ఎవరిది అంతంతమాత్రంగా ఉందో ఆ మనిషి దగ్గర మొదలుపెట్టండి. ఆ మనిషిని అర్ధరాత్రి హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సి వస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు, డబ్బు ఎవరు కడతారు? ఈ రెండిటికీ పాలసీలో సరైన జవాబు దొరికితే మిగతావాళ్లకి అది దాదాపు ఎలాగూ సరిపోతుంది.

ముందు మెడికల్‌కీ ట్రిప్‌కీ తేడా

ట్రావెల్ మెడికల్ అంటే వెళ్లిన చోట ఉన్నట్టుండి జబ్బు చేసినా, దెబ్బ తగిలినా వైద్యానికి ఇచ్చేది. ట్రిప్ ఇన్సూరెన్స్ అంటే ప్రయాణం క్యాన్సిల్ అయితే మీరు ముందే కట్టేసిన డబ్బులు వెనక్కి ఇచ్చేది, అందులో మెడికల్ కూడా కలిపి పెడతారు గానీ ఒక్కోసారి ఆ మొత్తం చాలా తక్కువ ఉంటుంది. బ్యాగులు పోతే ఇంతిస్తాం, ఫ్లైట్ లేటైతే అంతిస్తాం అనే లైన్లు చూసి ప్లాన్ ఎంచుకోకండి. బ్యాగుల విషయంలో 1999 నాటి మాంట్రియల్ కన్వెన్షన్ ప్రకారం ఎయిర్‌లైన్ కూడా ఒక పరిమితి వరకు బాధ్యత పడుతుంది, 2024 డిసెంబర్ చివరి నుంచి ఆ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఎస్‌డీఆర్ అంటే కొన్ని పెద్ద కరెన్సీల విలువ కలిపి అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కకట్టే యూనిట్). బ్యాగు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఐసీయూ బిల్లు అలా కాదు కదా.

ఇంకో విషయం, ఇది మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ కాదు. అక్కడికెళ్లి చెకప్ చేయించుకుంటాను, రోజూ వేసుకునే బీపీ మాత్రలు అక్కడే కొనుక్కుంటాను అంటే ఇవ్వరు. ఎమర్జెన్సీకి వైద్యం చేసి, మనిషి ఇంటికి ప్రయాణం చేయగలిగే స్థితికి తీసుకురావడం, దాని పని అంతవరకే.

మొదటి పని: ఒక కాగితం మీద అందరి వివరాలు

వెళ్లేవాళ్ల పేర్లు, ప్రయాణం రోజుకి వాళ్ల వయసు, ఉన్న జబ్బులు, వాడే మందులు, గత రెండు మూడేళ్లలో హాస్పిటల్లో చేరితే ఎందుకు చేరారో, ఈమధ్య డాక్టర్ మందు మార్చారా, డోసు పెంచారా తగ్గించారా, ఏవైనా టెస్టులు రాసి ఇంకా రిజల్ట్ రాలేదా, ఇవన్నీ రాసుకోండి. బోరు పనే కానీ తర్వాత ప్రతి స్టెప్‌లోనూ ఈ కాగితమే పనికొస్తుంది. పెద్దవాళ్లని అడిగితే "నాకేం లేదురా, బాగానే ఉన్నాను" అంటారు, ఆ మాట మీద ఆగిపోకండి, వాళ్ల మందుల డబ్బా తెరిచి ప్రిస్క్రిప్షన్లు చూడండి.

ఫ్యామిలీ ప్లాన్ అనగానే అందరికీ ఒకటే తీసుకోవాలని లేదు. కొన్ని ఫ్యామిలీ పాలసీల్లో కవర్ మొత్తం ఒక్కొక్కరికి విడివిడిగా ఉంటుంది, కొన్నిటిలో ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే ఉంటుంది, అంటే ఒకరికి యాక్సిడెంట్ అయ్యి మొత్తం అయిపోతే మిగతావాళ్లకి ఏమీ మిగలదు. ఒకే కారులో వెళ్తూ నలుగురికీ దెబ్బలు తగిలితే ఏంటి పరిస్థితి అని ఆలోచిస్తే, విడివిడిగా ఉన్నదే నయం. నా సలహా అయితే తల్లిదండ్రులూ పిల్లలూ ఒక ప్లాన్‌లో, అమ్మమ్మ తాతయ్యలు వాళ్ల ఆరోగ్యానికి తగ్గ వేరే ప్లాన్‌లో. పెద్దవాళ్ల వయసు వల్ల అందరి ప్రీమియం పెరగకుండా ఉంటుంది, వాళ్లకి కావాల్సిన క్లాజులు వాళ్లకి దొరుకుతాయి.

పిల్లల విషయంలో చూడాల్సింది వయసు హద్దులు. మరీ పసిబిడ్డని కొన్ని నెలలు నిండే వరకు తీసుకోని కంపెనీలు ఉన్నాయి, అలాగే పెద్దపిల్లలు ఒక వయసు దాటితే ఫ్యామిలీ ప్లాన్‌లోకి రారు. కొన్ని పాలసీల్లో పిల్లలు అమ్మానాన్నలతో కలిసి ప్రయాణం చేస్తేనే కవర్, అందుకే మీ అబ్బాయి కాలేజీ ఉందని నాలుగు రోజులు ముందే తిరిగొచ్చేస్తుంటే ముందే అడగండి.

రెండు: ఎక్కడికి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు

దేశాన్ని బట్టి లెక్క మొత్తం మారిపోతుంది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి రూల్ స్పష్టంగా ఉంది, కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటిలోనూ చెల్లాలి, మీరు అక్కడ ఉండే రోజులన్నీ కవర్ అవ్వాలి, ఎమర్జెన్సీ వైద్యంతో పాటు స్వదేశానికి తిరిగి పంపించే ఖర్చు కూడా అందులో ఉండాలి. మల్టిపుల్ ఎంట్రీ వీసా అయితే అప్లై చేసేటప్పుడు మొదటి ట్రిప్‌కి ఇన్సూరెన్స్ చూపిస్తే చాలు, తర్వాతి ట్రిప్పులకి తీసుకునే బాధ్యత మీదే. ఐర్లాండ్, యూకే షెంగెన్‌లో లేవు, ప్యారిస్ నుంచి లండన్ వెళ్లే ప్లాన్ ఉంటే షెంగెన్ వరకే రాసిన పాలసీ అక్కడ పనికిరాదు.

కెనడాకి సూపర్ వీసా మీద వెళ్లే పేరెంట్స్, గ్రాండ్‌పేరెంట్స్‌కి కనీసం 1,00,000 కెనడియన్ డాలర్ల కవర్, అదీ అడుగుపెట్టిన రోజు నుంచి కనీసం ఏడాది ఉండాలి. అమెరికా టూరిస్ట్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, కానీ అసలు లేకుండా వెళ్లకూడని దేశం ఏదైనా ఉందంటే అదే.

వరల్డ్‌వైడ్ అని రాసి పక్కన చిన్న అక్షరాల్లో అమెరికా, కెనడా మినహా అని ఉండొచ్చు, చూసుకోండి. వేరే దేశానికి వెళ్తూ న్యూయార్క్‌లో ఫ్లైట్ మారేవాళ్లు కూడా ఈ లైన్ చదవాలి. పాలసీ మీరు ఇంట్లోంచి బయల్దేరే రోజున మొదలై, తిరుగు ప్రయాణం తర్వాత ఒకట్రెండు రోజులు అదనంగా ఉండేలా తీసుకోండి, ఫ్లైట్ క్యాన్సిల్ అయితే ఆ రోజులే కాపాడతాయి. అక్కడ ఉండటం పొడిగించే ఛాన్స్ ఉంటే పాలసీ పొడిగించడానికి వీలుందా, ఎన్ని రోజుల ముందు అడగాలి, మధ్యలో ఒక క్లెయిమ్ పెట్టి ఉంటే ఒప్పుకుంటారా అని కొనకముందే కనుక్కోండి. గడువు అయిపోయే రోజుకి మనిషి హాస్పిటల్లో ఉంటే కవర్ దానంతటదే కొనసాగుతుందా అన్నది కూడా.

మూడు: ఎంత కవర్ కావాలి

వీసాకి అడిగేది కనీస మొత్తం, మీకు సరిపోయే మొత్తం అని కాదు. అమెరికా వెళ్తుంటే ఒక్కొక్కరికి 1,00,000 డాలర్లకి తగ్గొద్దు అంటాను నేను, అరవై దాటినవాళ్లకి ఇంకా ఎక్కువ దొరికితే తీసుకోండి. అమెరికాలో 1986 నాటి ఎంటాలా చట్టం వల్ల ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని డబ్బు ఉందా లేదా అని చూడకుండా పరీక్ష చేసి ప్రాణాపాయం లేకుండా చెయ్యాల్సిందే, దాన్ని చూసి కొంతమంది ధైర్యంగా ఉంటారు, కానీ వైద్యం చేస్తారు అంటే ఉచితంగా చేస్తారని కాదు, బిల్లు తర్వాత వస్తుంది. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్‌లో చూసినంత వరకు డబ్బు తీసుకోరు, బెడ్ ఇచ్చి అడ్మిట్ చేశాక మాత్రం విజిటర్లకి మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు వేస్తారు, ఆ బాకీ 500 పౌండ్లు దాటి రెండు నెలలు కట్టకపోతే రేపు వీసాకే అడ్డం పడొచ్చు.

వయసు పెరిగేకొద్దీ కంపెనీలు కవర్ తగ్గిస్తూ పోతాయి, డెబ్బై దాటాక, ఎనభై దాటాక ఆ తగ్గుదల బాగా ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో కనిపించే మొత్తం మీ నాన్నగారి వయసుకి కూడా వర్తిస్తుందా అన్నది టేబుల్లో వెతకాల్సిందే.

నాలుగు: పాత జబ్బులు, అసలు కథంతా ఇక్కడే

క్లెయిమ్ ఆగిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి, కాబట్టి ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. ప్రీ ఎగ్జిస్టింగ్ అంటే మనం అనుకునేది డాక్టర్ పేరు పెట్టి చెప్పిన షుగరో బీపీనో. పాలసీలో రాసేది అంతకంటే చాలా పెద్దది, కొన్నిటిలో పాలసీ మొదలయ్యే ముందు ఒక గడువులో మీకు లక్షణాలు కనిపించి ఉంటే చాలు, డాక్టర్ దగ్గరికి వెళ్లకపోయినా అది పాత జబ్బే. ఆ గడువు ఒక్కో పాలసీలో ఒక్కోలా ఉంటుంది, కొన్నిటిలో రెండు నెలలు, కొన్నిటిలో ఆరు నెలలు, ఇంకొన్నిటిలో రెండు మూడేళ్లు. మీ కాగితం పక్కన పెట్టుకుని ఆ డెఫినిషన్ ఒక్కో మాట చదవండి.

పాత జబ్బుల విషయంలో పాలసీలు ఇంచుమించు నాలుగు రకాలు. మొదటి రకం అస్సలు ఇవ్వదు. రెండో రకం ప్రాణం మీదికి వస్తే మాత్రం ఇస్తుంది, అదీ చిన్న మొత్తం వరకే. మూడోది అక్యూట్ ఆన్‌సెట్, అమెరికా వెళ్లే విజిటర్ల ప్లాన్లలో బాగా కనిపిస్తుంది, అంటే ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి ముదిరిపోయి, 24 గంటల్లోపు వైద్యానికి వెళ్తేనే ఇస్తారు. ఛాతీలో నొప్పి వస్తుంటే ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని మూడు రోజులు ఓర్చుకుని నాలుగో రోజు చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు, ఈ క్లాజు ఉన్న పాలసీలో ఆ ఓర్పే క్లెయిమ్ పోగొడుతుంది, కాబట్టి వాళ్లకి ఈ 24 గంటల సంగతి వెళ్లే ముందే అర్థమయ్యేలా చెప్పండి. ఆ క్లాజుకి కూడా వయసు హద్దు ఉంటుంది, అది దాటితే మొత్తం బాగా తగ్గుతుంది లేదా అసలు ఉండదు. నాలుగో రకం జబ్బుల వివరాలన్నీ ముందే తీసుకుని, అదనపు ప్రీమియం వేసి పూర్తిగా ఇచ్చేది. దొరికితే ఇదే తీసుకోండి, రేటు ఎక్కువైనా సరే.

కెనడా పాలసీల్లో స్టేబుల్ అనే మాట ఉంటుంది, ప్రయాణానికి ముందు ఇన్ని రోజులు జబ్బు నిలకడగా ఉండాలి అని. మందు మార్చినా, డోసు పెంచినా నిలకడ లేనట్టే, ఆఖరికి ఒంట్లో బాగుంది కదా అని డాక్టర్ డోసు తగ్గించినా చాలా పాలసీల్లో అదీ మార్పు కిందే లెక్క. అందుకని పెద్దవాళ్ల రొటీన్ చెకప్ ప్రయాణానికి వారం ముందు పెట్టుకోకుండా బాగా ముందే చేయించేయండి, ఏదైనా మార్పు ఉంటే తర్వాత నిలకడ రోజులు లెక్కపెట్టుకుని బయల్దేరొచ్చు. అలాగని క్లెయిమ్ కోసం డాక్టర్ మార్చమన్న మందు మార్చకుండా ఆపకండి, కావాలంటే ప్రయాణం ఆపండి.

ఇక దాచడం. షుగర్ ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుందని, ఏజెంట్ కూడా "రాయకండి, ఏం కాదు" అన్నాడని వదిలేస్తారు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ మీ పాత మెడికల్ రికార్డులు అడుగుతుంది, అక్కడి డాక్టర్ కూడా కేస్ షీట్‌లో "పదేళ్ల నుంచి షుగర్" అని మీరు చెప్పిందే రాస్తాడు. దాచిన విషయం బయటపడితే ఆ క్లెయిమే కాదు, పాలసీనే రద్దు చేసే అవకాశం ఉంటుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి, ఫామ్ మీరే నింపండి, వేరేవాళ్లు నింపితే సంతకానికి ముందు ప్రతి జవాబూ చూడండి.

ఐదు: బిల్లులో మన వాటా ఎంత

అమెరికా ప్లాన్లలో కాంప్రిహెన్సివ్, ఫిక్స్‌డ్ అని రెండు ఉంటాయి. ఫిక్స్‌డ్ ప్లాన్ చవక, కానీ డాక్టర్ విజిట్‌కి ఇంత, రూముకి రోజుకి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని ముందే రాసేసి ఉంటుంది, అసలు బిల్లు ఎంతైనా అంతే ఇస్తారు, మిగతాది మీ జేబు నుంచే. కాంప్రిహెన్సివ్‌లో మాత్రం డిడక్టబుల్, అంటే బిల్లులో మొదట మీ జేబు నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం, మీరు కట్టాక ఒక శాతం ప్రకారం ఇస్తారు. ఉదాహరణకి డిడక్టబుల్ 250 డాలర్లు, తర్వాత మొదటి 5,000 డాలర్లలో 80 శాతం కంపెనీది, ఆపైన 100 శాతం అని ఉందనుకోండి. బిల్లు 20,000 డాలర్లైతే మీ వాటా 250, ఇంకా 5,000లో 20 శాతం అంటే 1,000, మొత్తం 1,250. ఫిక్స్‌డ్ ప్లాన్‌లో అదే బిల్లుకి మీ వాటా ఎంతో ముందు లెక్క కట్టడమే కష్టం. పెద్దవాళ్లకి ఫిక్స్‌డ్ తీసుకోవద్దు అనే నేను చెప్తాను.

డిడక్టబుల్ మనిషికా, ట్రిప్‌కా, జబ్బు చేసిన ప్రతిసారా అన్నది చూడండి. సబ్‌లిమిట్లు కూడా, ముఖ్యంగా అరవై దాటినవాళ్లకి రూముకి, సర్జన్‌కి, అంబులెన్స్‌కి వేర్వేరు పరిమితులు పెట్టి పైన మాత్రం పెద్ద మొత్తం చూపించే పాలసీలు ఉన్నాయి.

ఆరు: అసిస్టెన్స్, ఎవాక్యుయేషన్

చిన్న ద్వీపానికో కొండ ప్రాంతానికో వెళ్తుంటే దగ్గర్లో పెద్ద హాస్పిటల్ ఉండకపోవచ్చు, అక్కడి నుంచి ఎయిర్ అంబులెన్స్ అంటే ఖండాలు దాటితే లక్ష డాలర్లు కూడా దాటిపోతుంది. కాబట్టి మెడికల్ ఎవాక్యుయేషన్‌కి, అంటే రోగిని అలా వేరే చోటికి తరలించడానికి, వేరే మొత్తం ఉందా, మెడికల్ కవర్‌లోంచే తీస్తారా చూడండి. సాధారణంగా తీసుకెళ్లేది సరైన వైద్యం దొరికే దగ్గరి హాస్పిటల్‌కి, మీ ఇంటికి కాదు, ఎక్కడికి ఎప్పుడు అని నిర్ణయించేది కంపెనీ డాక్టర్లు. మీరే కంగారులో విమానం మాట్లాడేసుకుంటే చాలా పాలసీలు ఆ డబ్బు ఇవ్వవు. పిల్లలతో వెళ్లేవాళ్లు తప్పకుండా చూడాల్సిన క్లాజు ఇంకోటి ఉంది, అమ్మానాన్నలిద్దరూ హాస్పిటల్లో పడితే పిల్లల్ని ఇంటికి చేర్చే ఖర్చు, లేదా ఇంటి నుంచి ఒకరు వచ్చి దగ్గర ఉండే ఖర్చు. మరణం సంభవిస్తే స్వదేశానికి తీసుకొచ్చే ఖర్చు కూడా ఉండాలి, మాట్లాడుకోవడానికి మనసొప్పదు కానీ అది లేకపోతే ఆ దుఃఖంలో డబ్బు కోసం వెతుక్కోవాలి.

కొనే ముందు 24 గంటల హెల్ప్‌లైన్‌కి ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎంతసేపటికి ఎత్తారు, మీ భాషలో కాకపోయినా మీకు అర్థమయ్యే భాషలో మాట్లాడారా, హాస్పిటల్‌కి పేమెంట్ గ్యారంటీ లెటర్ వాళ్లే పంపిస్తారా అడగండి. టోల్ ఫ్రీ నంబర్లు వేరే దేశం నుంచి పనిచెయ్యకపోవచ్చు, మామూలు నంబర్ కూడా రాసుకోండి. క్యాష్‌లెస్ అన్నా అది ఎక్కువగా అడ్మిషన్లకే, చిన్న చిన్న ఓపీ బిల్లులు ముందు మీరు కట్టి తర్వాత తెచ్చుకోవాల్సిందే.

ఏడు: వేటికి డబ్బు ఇవ్వరో రాసిన పేజీ

అన్నిటికంటే ముందు ఈ పేజీ చదవండి అంటాను. మద్యం మత్తులో జరిగిన ప్రమాదం, లైసెన్స్ లేకుండా హెల్మెట్ లేకుండా నడిపిన అద్దె స్కూటర్, డాక్టర్ వద్దన్నా చేసిన ప్రయాణం, ప్రభుత్వం వెళ్లొద్దని హెచ్చరించిన చోటు, యుద్ధం, ఇవి చాలా పాలసీల్లో ఉంటాయి. స్కూబా డైవింగ్, స్కీయింగ్, ట్రెక్కింగ్ ఉంటే ఎంత లోతు వరకు, ఎంత ఎత్తు వరకు అన్న నంబర్ కూడా అడగండి, కావాలంటే అదనపు కవర్ కలుపుకోండి. పంటికి నొప్పి తగ్గించే వరకే ఇస్తారు. గర్భిణి ఉంటే ఎన్నో వారం వరకు కాంప్లికేషన్స్ ఇస్తారో చూడండి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బిల్లు తల్లి పాలసీలోకి రాని ప్లాన్లు ఉన్నాయి, ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాతపూర్వకంగా లేకుండా వెళ్లకండి.

క్రెడిట్ కార్డు ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవాళ్లు, టికెట్ ఆ కార్డుతోనే కొనాలా, ఫ్యామిలీకి కూడా వస్తుందా, మెడికల్ ఉందా లేక యాక్సిడెంట్ మరణానికేనా చూసుకోండి. చాలావాటికి మెడికల్ చాలా తక్కువ.

ఎనిమిది: కొనడం, దగ్గర పెట్టుకోవడం

రెండు మూడు ప్లాన్లు మిగిలాక బ్రోచర్ పక్కన పెట్టి పూర్తి పాలసీ వర్డింగ్, అంటే షరతులన్నీ ఉన్న అసలు డాక్యుమెంట్, డౌన్‌లోడ్ చేసుకోండి. డౌట్లు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి, "మా నాన్నగారికి 68, ఐదేళ్ల క్రితం స్టెంట్ వేశారు, అక్కడ గుండెనొప్పి వస్తే ఈ పాలసీ ఎంత ఇస్తుంది, ఏ క్లాజు ప్రకారం" అని ఇలా సూటిగా. జవాబు తిప్పి తిప్పి ఇచ్చారంటే ఇంకో కంపెనీ చూసుకోండి. వచ్చిన పాలసీలో పేరు, పుట్టినరోజు, పాస్‌పోర్ట్ నంబర్ సరిగ్గా ఉన్నాయో లేదో ఆ రోజే చూడండి.

కార్డు, హెల్ప్‌లైన్ నంబర్లు, మందుల జనరిక్ పేర్లతో డాక్టర్ రాసిన లెటర్, ఇవి అందరి ఫోన్లలోనూ ఉండాలి, పెద్దవాళ్లకి కాగితం మీద కూడా ప్రింట్ తీసి ఇవ్వండి. ప్రయాణం రోజులకి సరిపడా మందులు, కొన్ని అదనంగా, చేతి బ్యాగులోనే పెట్టండి.

తొమ్మిది: అక్కడ ఏదైనా జరిగితే

ప్రాణాపాయమైతే ముందు లోకల్ అంబులెన్స్, తర్వాతే ఇన్సూరెన్స్. అడ్మిట్ అయ్యాక ఎంత వీలైతే అంత త్వరగా కంపెనీకి చెప్పాలి, చాలా పాలసీలు 24 లేదా 48 గంటలు అంటాయి. ప్రాణాపాయం కానిదైతే హెల్ప్‌లైన్‌ని అడిగి వాళ్లు చెప్పిన హాస్పిటల్‌కి వెళ్లండి, అమెరికాలో చిన్న జ్వరానికీ బెణుకుకీ ఎమర్జెన్సీ రూమ్ కాకుండా అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్‌కి వెళ్తే బిల్లు చాలా తక్కువ అవుతుంది. ఎవరితో మాట్లాడారో పేరు, టైమ్, కేసు నంబర్ రాసుకోండి.

బయటికి వచ్చేటప్పుడు మొత్తం ఒక్క నంబర్ ఉన్న బిల్లు కాదు, ఐటమైజ్డ్ బిల్లు అడగండి, డిశ్చార్జ్ సమ్మరీ, ప్రిస్క్రిప్షన్లు, టెస్ట్ రిపోర్టులు, కట్టిన రసీదులు, బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్ట్ స్టాంపుల ఫొటోలు దాచండి. యాక్సిడెంట్, దొంగతనం అయితే పోలీస్ రిపోర్ట్. బ్యాగు పాడైతే 7 రోజుల్లో, ఆలస్యంగా చేతికొస్తే 21 రోజుల్లో ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి.

అమెరికాలో హాస్పిటల్ బిల్లు ఒకటి, డాక్టర్‌ది ఒకటి, ఎక్స్‌రే చూసినవాళ్లది ఒకటి, అంబులెన్స్‌ది ఒకటి, ఇలా విడివిడిగా వారాల తర్వాత కూడా వస్తుంటాయి, అక్కడ మీ బంధువుల అడ్రస్ ఇచ్చి ఉంటే వచ్చిన కవర్లన్నీ ఫొటో తీసి పంపమనండి. ప్రతి బిల్లూ అదే కేసు నంబర్ మీద కంపెనీకి పంపండి, గడువు లోపల. తిరస్కరిస్తే ఏ క్లాజు కింద తిరస్కరించారో రాసి ఇవ్వమని అడగండి, ఆ క్లాజు మీ వర్డింగ్‌లో చదివి, డాక్టర్ లెటర్ జతచేసి అప్పీల్ పెట్టండి, అక్కడా కాకపోతే ఆ కంపెనీ ఏ దేశంలో రిజిస్టర్ అయ్యిందో ఆ దేశపు ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ దగ్గరో అంబుడ్స్‌మన్ దగ్గరో ఫిర్యాదు చెయ్యండి. కొనకముందు మీరు మెయిల్‌లో అడిగిన ప్రశ్న, వాళ్లిచ్చిన జవాబు కూడా దానికి జత చెయ్యడం మర్చిపోకండి.